చెయ్యి ముందు, నోట్‌బుక్ తర్వాత: బతుకమ్మ ముందు ఒక వారం ఇంటి చదువు

ఇంట్లోనే పిల్లలకు చదువు చెబుదామనుకున్న వాళ్లలో చాలామంది మొదట బడి టైంటేబుల్‌ను తెచ్చి హాల్లో గోడకు అంటిస్తారు. తొమ్మిదింటికి తెలుగు, పదింటికి లెక్కలు, పదకొండింటికి ఇంగ్లిష్ రైమ్స్. రెండో రోజుకే పిల్లలు మొండికేస్తారు, మూడో రోజుకు ఇంట్లో అందరికీ టెన్షన్. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆ పద్ధతి అవసరం లేదని నేను గట్టిగా నమ్ముతాను. రోజుకు ఒకటే విషయం తీసుకోండి. ముందు పిల్లలు చేతులతో ఏదో ఒకటి చెయ్యాలి, తర్వాత దాని గురించి మాట్లాడాలి, అంతా అయ్యాక నోట్‌బుక్‌లో ఒక బొమ్మో నాలుగు మాటలో పడాలి. ఈ వరస మాత్రం మార్చకండి. ముందే నోట్‌బుక్ తెరిస్తే ఆ రోజు పని అయిపోయినట్టే, ఎందుకంటే పిల్లలు ఇక ‘ఏం రాయాలి?’ అనే అడుగుతారు తప్ప ‘ఎందుకు ఇట్లయింది?’ అని అడగరు.

మేం ఉండేది హనుమకొండలో. ఇక్కడ చెప్పే వారం బతుకమ్మకు ముందు వచ్చే వారం, ఒక వారం అటూ ఇటూ అయినా నష్టం లేదు. వానలు తగ్గుముఖం పడతాయి, చెరువుల్లో నీళ్లుంటాయి, మక్కలు (మొక్కజొన్న) చేతికొస్తాయి, రోడ్డు పక్కన తంగేడు, గునుగు పూస్తాయి, కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు. ఒక ప్లాస్టిక్ టబ్బు, పాత కాటన్ గుడ్డ, దారం ఉండ, కొలిచే టేపు, ఖాళీ వాటర్ బాటిళ్లు, వాటి మూతలు, ఒక్కొక్కరికి గీతలు లేని నోట్‌బుక్ ఒకటి. ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి గిద్దె, సోల, తవ్వ, మానిక లాంటి కొలత పాత్రలు ఎక్కడైనా అటక మీద ఉంటే దించి కడిగి పెట్టుకోండి.

పొద్దున టిఫిన్ అయ్యాక గంటన్నర చాలు. అయిదేళ్ల పిల్లాడు ఒక పని మీద పావుగంట, ఇరవై నిమిషాలు నిలబడితే బాగా నిలబడ్డట్టే. మధ్యలో లేచి వెళ్తే వెళ్లనివ్వండి, అక్క ఇంకా మట్టిలో చేతులు పెట్టి ఉంటే వాడే మళ్లీ వస్తాడు.

సోమవారం: ఎండిన మక్క కంకి

గింజలు ఊడని ఎండు కంకులు రెండో మూడో సంపాదించండి. స్వీట్ కార్న్ పనికిరాదు, దాని గింజ లేతది. కంకి మీద ఒక వరసకు స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టి, అక్కడి నుంచి చుట్టూ వరసలు లెక్కపెట్టమనండి. పన్నెండు వస్తాయి, లేదా పద్నాలుగు, పదహారు. ఇంకో కంకి తీసుకోండి, మళ్లీ సరి సంఖ్యే. బేసి సంఖ్య వచ్చే కంకిని వెతకమని పందెం పెట్టండి, దొరకడం చాలా అరుదు. కంకి మీద గింజగా మారే మొగ్గలు జంటలు జంటలుగా పుడతాయి, అందుకే వరసలు సరి సంఖ్యలోనే ఉంటాయి. సరి, బేసి అనే మాటలు అప్పుడు చెప్పండి, వెతికి వెతికి అలసిన పిల్లలకు అవి వెంటనే ఎక్కుతాయి.

తర్వాత కంకి మొత్తం మీద ఎన్ని గింజలుంటాయో ఊహించమనండి. పెద్దవాళ్లయితే ఒక వరసలో గింజలు లెక్కపెట్టి వరసలతో గుణించి చెప్పొచ్చు. అప్పుడు ఒలిచి నిజంగా లెక్కపెట్టడం. పది గింజలు ఒక బాటిల్ మూతలో, పది మూతలు నిండితే ఒక గ్లాసులో. మూడు గ్లాసులు, నాలుగు మూతలు, విడిగా ఏడు గింజలు మిగిలితే 347. వందలు, పదులు, ఒకట్లు అని గళ్లు గీసి చెబితే నెల పట్టేది ఇట్లా ఒక పొద్దునలో కళ్ల ముందు కనిపిస్తుంది. చిన్నవాళ్లు పది వరకు పెట్టడం దగ్గరే ఆగినా పర్వాలేదు.

లేవబోయే ముందు ఒక పని. పదేసి గింజలు మూడు గుడ్డల్లో మూట కట్టండి. ఒకటి తడిపి బయట, ఒకటి తడిపి ఫ్రిజ్‌లో, ఒకటి పొడిగా. రోజూ పొద్దున విప్పి చూడటం, తడి ఆరితే మళ్లీ చల్లడం పిల్లల బాధ్యత. గురువారం, శుక్రవారం కల్లా ఏ మూటలో వేరు వచ్చిందో, ఏ మూటలో రాలేదో తేలుతుంది. ఒక్క జాగ్రత్త, విత్తనాల ప్యాకెట్‌లోని గింజలు వాడకండి, ఎరుపో గులాబీ రంగో పూసి ఉంటే అది మందు. తినే మక్కలే తీసుకోండి.

మంగళవారం: మూడు చెరువులు, ఒక మగ్గు వాన

ఈ రోజుకు గంటన్నర సరిపోదు, పొద్దంతా పట్టినా పట్టనివ్వండి. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు పక్క నుంచి రోజూ పోయే పిల్లలకు కూడా ఆ నీళ్లు అక్కడే ఎందుకు ఆగాయో తెలియదు. మన ఓరుగల్లు ప్రాంతమంతా కాకతీయులు కట్టించిన గొలుసుకట్టు చెరువుల మీద బతికింది, పై చెరువు నిండితే మిగులు నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి. దీన్ని బొమ్మ గీసి చెబితే అర్థమయినట్టు తల ఊపుతారు, అంతే. మట్టితో కట్టిస్తే జన్మలో మర్చిపోరు.

వాకిలి ఒకవైపు వాలుగా ఉంటే అదే చాలు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఒక పాత చెక్క పలకనో పెద్ద ట్రేనో ఒకవైపు రెండు ఇటుకలు పెట్టి ఎత్తండి. తడి మట్టితో వాలుకు అడ్డంగా నెలవంక ఆకారంలో కట్ట పోయించండి, ఒకదాని కింద ఒకటి, మూడు. మొదటిసారి ఏమీ చెప్పకండి, వాళ్లకు తోచినట్టు కట్టనివ్వండి. ఇప్పుడు అడుగున చిల్లులు పొడిచిన మగ్గుతో పై నుంచి వాన కురిపించండి. పై చెరువు నిండుతుంది, నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి, ఒక చోట సన్నగా కోత మొదలై చూస్తుండగానే గండి పడుతుంది. ఆ నీళ్లన్నీ ఒక్కసారి మీద పడి కింది రెండూ కొట్టుకుపోతాయి. పిల్లలు కేకలు పెడతారు, కొందరు ఏడుస్తారు కూడా. కాసేపు ఆగి ఒక్కటే అడగండి, ‘నిండిన తర్వాత నీళ్లు ఎటు పోవాలి?’

సమాధానం వాళ్ల నోటి నుంచే రావాలి, పది నిమిషాలు పట్టినా సరే. కట్ట చివర ఒక పక్కన కొంచెం తక్కువ ఎత్తులో దారి వదలాలి, అక్కడ మట్టి కోసుకుపోకుండా చదును రాళ్లు పరవాలి. అదే మత్తడి. వానాకాలంలో ‘చెరువు మత్తడి దూకుతున్నది’ అని పెద్దవాళ్లు అనే మాట వాళ్లు ఎన్నోసార్లు విని ఉంటారు, ఇప్పుడు అది కళ్ల ముందు జరుగుతుంది. రెండోసారి కట్టేటప్పుడు తూము కూడా పెట్టించండి. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది, దాన్ని కట్ట అడుగున పెట్టి మీద మట్టి కప్పి, నోటికి గుడ్డ పీలిక బిగిస్తే తూము తయారు. పీలిక తీస్తే పొలానికి నీళ్లు. కింద నాలుగు గింజలు చల్లి దాన్ని ఆయకట్టు, అంటే చెరువు నీళ్లతో పండే పొలం, అనుకోండి. మా ఇంట్లో ఈ పని జరిగేటప్పుడు నానమ్మ కుర్చీ వేసుకుని వాకిట్లోనే కూర్చుంటుంది, ‘కట్ట పోసేటప్పుడు వరస వరసకు తొక్కాలె బిడ్డా, లేకుంటే ఊట పడ్తది’ అని ఆమె చెప్పినంత బాగా నేను చెప్పలేను. మీ ఇంట్లో వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్లుంటే ఆ రోజు పాఠం వాళ్లదే, మీరు మగ్గు పట్టుకోండి చాలు.

మట్టి మీద ఇంకో చిన్న పని. రెండు బాటిళ్లను సగానికి కోసి, మూతి వైపు ముక్కను బోర్లించి గరాటులా పెట్టి, మూతికి గుడ్డ కట్టండి. ఒకదాంట్లో ఇసుక కలిసిన ఎర్ర మట్టి, ఇంకోదాంట్లో నల్లరేగడి. రెండింట్లో చెరో గ్లాసు నీళ్లు పోసి కింద ఎంత కారిందో చూడండి. నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది, ఎర్ర మట్టి వదిలేస్తుంది. చెరువు అడుగున ఏ మట్టి ఉంటే మంచిదో, ఏ నేలలో ఏ పంట వేస్తారో మాట్లాడటానికి ఇక్కడి నుంచి దారి దొరుకుతుంది. మగ్గు నీళ్లతో పాటు కొట్టుకొచ్చిన మట్టి చెరువు అడుగున పేరుకుని ఉంటుంది కదా, అదే పూడిక. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే చెరువుల బాగుచేత పథకంలో చెరువుల్లోంచి తీసింది దాన్నే, రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు.

కాస్త పెద్ద పిల్లలుంటే మ్యాప్ తెరవండి. రామప్ప, పాకాల రెండూ కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటి చెరువులే, రెండూ పాత వరంగల్ జిల్లావే, కానీ రామప్ప వైపు నీళ్లు గోదావరిలోకి పోతే, పాకాల నుంచి మొదలయ్యే మున్నేరు కృష్ణలో కలుస్తుంది. మ్యాప్ మీద వేలితో ఆ రెండు దారులూ గీయించండి. సాయంత్రం నిజం చెరువు కట్ట మీదికి తీసుకెళ్తే మంచిది, కానీ మత్తడి దగ్గర రాళ్ల మీద పాకురు ఉంటుంది, చెయ్యి వదలకండి.

బుధవారం: అక్షరాలు, పటం కథ

నిన్నటి మాటలే ఈ రోజు అక్షరాలు. కట్ట, తూము, చెరువు, మత్తడి, మట్టి. వీటిని చీటీల మీద పెద్దగా రాసి, నిన్నటి చెరువు బొమ్మ మీద ఎక్కడివక్కడ పెట్టమనండి. ఇంకా అక్షరాలు రాని పిల్లలు కూడా మాట ఆకారాన్ని గుర్తుపడతారు.

రాయడానికి పెన్సిల్ కంటే ముందు వేలు. ట్రేలో ముగ్గుపిండి పరిచి దాంట్లో రాయించండి. అ, ఆ నుంచి వరసగా పోవాలనే నియమం పెట్టుకోకండి, అ రాయడమే చాలా కష్టం చిన్న చేతికి. ఆకారం కలిసే అక్షరాలను గుంపులుగా నేర్పితే తొందరగా వస్తాయి, ప, వ, మ, ష ఒక గుంపు, ద, డ, ధ ఇంకో గుంపు. ‘పడవ’ అనే మాటలో ఆ రెండు గుంపులూ వచ్చేస్తాయి. ఒత్తులు ఇప్పుడే వద్దు, చదవడం వచ్చినా రాయడానికి ఇంకా టైం ఉంది.

రాయడం అయిపోయాక కథ. పక్క సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కళాకారులు పొడుగాటి గుడ్డ పటాల మీద కథను గడులు గడులుగా వేస్తారు, కథ చెప్పేవాళ్లు పటాన్ని విప్పుకుంటూ ఒక్కో గడి చూపిస్తూ చెప్పేవాళ్లు. ఎరుపు నేపథ్యం, పక్కపక్కనే నిలబడ్డ మనుషులు, చూడగానే గుర్తుపట్టొచ్చు. పాత క్యాలెండర్ కాగితాలను వెనక వైపు ఒకదాని కింద ఒకటి అతికించి పొడుగు పటం చేయండి. నిన్న చెరువు కట్టిన కథ, గండి పడిన గడితో సహా, ఆరేడు గడుల్లో గీయాలి. సాయంత్రం నాన్న ఇంటికొచ్చాక పటం విప్పుతూ కథ చెప్పాలి. చిన్నోడు చెప్పే వాక్యాలను మీరు కింద రాసిపెట్టండి, వాడి మాటల్లోనే, సరిదిద్దకుండా. రేపు చదివి వినిపిస్తే తన మాట కాగితం మీద ఉందని వాడికి తెలుస్తుంది, చదువు మీద ఆశ అక్కడే పుడుతుంది.

గురువారం: వంటింట్లో కొలతలు

ఇది చిన్న రోజు. గిద్దెతో సోల నింపడం, సోలతో తవ్వ, తవ్వతో మానిక. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ముందే చెప్పేయకండి, బియ్యం పోసి వాళ్లే కనుక్కోవాలి. మానికకు ఎన్ని గిద్దెలని అడిగితే కొందరు మళ్లీ మొదటి నుంచి పోసి లెక్కపెడతారు, కొందరు వేళ్ల మీద లెక్కేస్తారు, రెండూ మంచివే. ఆ కొలతలు ఇంట్లో లేకపోతే టీ గ్లాసు, చెంబు చాలు. తర్వాత మానికెడు బియ్యం, మానికెడు మురమురాలు తూచండి. కొలత ఒకటే, బరువు వేరు. ఈ తేడా పెద్దవాళ్లకు తెలిసిందే అనిపిస్తుంది గానీ ఆరేళ్ల పిల్లకు ఇది నిజంగా వింత.

మధ్యాహ్నానికి సర్వప్ప. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం, కరివేపాకు, ఉప్పు వాళ్లే కొలిచి కలపాలి, గిన్నెలో అద్ది వేలితో గుంటలు పెట్టాలి. ఆ గుంటల్లో నూనె ఎందుకు పోస్తామో అడగండి. పొయ్యి పని మాత్రం మీదే. నాలుగు ముక్కలు చేసి ఒకటి తింటే పావు, రెండు తింటే సగం, ఆ లెక్క పళ్లెంలోనే అయిపోతుంది.

శుక్రవారం: ఖిలా వరంగల్

ఎండ ఎక్కకముందే వెళ్లండి. పిల్లలకు చరిత్ర మొత్తం చెప్పాలని చూడకండి, వాళ్లకు మూడు పనులివ్వండి. మొదటిది, మధ్యలో నిలబడి నాలుగు దిక్కులా ఉన్న నాలుగు తోరణాలను కనిపెట్టడం, దిక్కులు నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. రెండోది, తోరణం మీద హంసలను వెతకడం. మూడోది, తోరణాన్ని నిలువుగా సగమే గీయడం. ఇంటికొచ్చాక ఆ సగం బొమ్మ పక్కన చిన్న అద్దం నిలబెడితే తోరణం పూర్తవుతుంది. రెండు వైపులూ ఒకేలా ఉండటమంటే ఏంటో ఇక చెప్పాల్సిన పనిలేదు. రాష్ట్ర చిహ్నం మీద ఈ తోరణమే ఉంది, ఏదైనా సర్కారు కాగితం చూపించి గుర్తుపట్టమనండి. వచ్చేటప్పుడు లోపలి రాతి గోడ, బయటి మట్టి గోడ రెండూ చూపించి, కోటకు ఒక గోడ చుట్టూ ఇంకో గోడ ఎందుకో అడగండి. మంగళవారం కట్టలు పోసిన పిల్లలు మట్టి గోడను తేలిగ్గా తీసుకోరు.

వాన పడితే వేయి స్తంభాల గుడికి వెళ్లండి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన గుడి, ఒకే మండపం చుట్టూ శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు. పొద్దంతా కేటాయించగలిగితే రామప్ప. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. వెళ్లే ముందు రోజు టబ్బులో నీళ్లు పోసి, మామూలు ఇటుక ముక్క, చెక్క, రాయి, సబ్బు, కొబ్బరి చిప్ప ఏవి తేలతాయో ఏవి మునుగుతాయో ముందే ఊహించి చూసుకుంటే, అక్కడ ఆ మాట విన్నప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

శనివారం: పూలు, పసుపు, గుండ్రాలు

పొద్దున్నే పూలకు వెళ్లడమే సగం పాఠం. తంగేడు మన రాష్ట్ర పువ్వు, అది ఎట్లాంటి నేలలో పెరుగుతుందో, దాని కాయ ఎట్లుంటుందో అక్కడే చూడాలి. గునుగును తాకి చూస్తే అది ఒక్క పువ్వు కాదని, చిన్న చిన్న పూల కంకి అని తెలుస్తుంది. ఇంటికొచ్చాక రకాల వారీగా వేరుచేసి లెక్కపెట్టడం.

పేర్చేముందు తాంబాలం చుట్టూ దారం చుట్టి కొలవండి, మళ్లీ అడ్డంగా మధ్య నుంచి కొలవండి. గాజుకు, డబ్బా మూతకు కూడా అట్లే. ఏది కొలిచినా చుట్టు కొలత అడ్డం కొలతకు మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఇంతవరకు చాలు, పేరు, గుర్తు తర్వాత ఎప్పుడైనా తెలుస్తాయి. చిన్నవాళ్లకు వరసల పని ఇవ్వండి, ఒక బంతి, రెండు గునుగు, ఒక బంతి, రెండు గునుగు, తర్వాత ఏం రావాలి? పైకి పోయేకొద్దీ వరసకు ఎన్ని పూలు తగ్గుతున్నాయో కూడా లెక్కపెట్టమనండి.

బతుకమ్మ చెరువులోకే పోతుంది కాబట్టి గునుగుకు కెమికల్ రంగులు వాడకండి, తెల్లగా ఉంచండి, లేదా పసుపు నీళ్లలో ముంచండి. ఆ పసుపుతోనే ఒక ప్రయోగం ఉంది. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరనివ్వండి, దాని మీద వంటసోడా కలిపిన నీళ్లతో పుల్లతో రాస్తే ఎర్రగా అక్షరాలు వస్తాయి, మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. సబ్బు నీళ్లు, చింతపండు రసం, మజ్జిగ, ఏది రంగు మారుస్తుందో ఏది మార్చదో ఇంట్లో ఉన్నవన్నీ పరీక్షించనివ్వండి. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎందుకు ఎర్రగా వస్తుందో కూడా ఇదే చెబుతుంది, కానీ సున్నం పిల్లల చేతికివ్వకండి, కళ్లలో పడితే ప్రమాదం.

చుట్టాలు అడిగే ప్రశ్న గురించి

‘బడికి పంపకుంటే రేపు ఎట్ల?’ అని తప్పకుండా అడుగుతారు, జవాబు తెలిసి ఉండటం మంచిది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య గురించి చెబుతుంది, ఇంటి చదువు గురించి దాంట్లో విడిగా ఏమీ లేదు. అదే చట్టం ప్రకారం, ఇంతకుముందు బడిలో చేరని పిల్లను ఆమె వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, అంటే ఎప్పుడైనా బడికి పంపాలనిపిస్తే దారి మూసుకుపోదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో (ఎన్‌ఐఓఎస్, ఓపెన్ స్కూల్) మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలున్నాయి, పద్నాలుగేళ్లు నిండాక పదో తరగతి పరీక్ష రాయొచ్చు. పిల్లలు బడికి పోతున్నా సరే, ఈ వారాన్ని దసరా సెలవుల్లో పెట్టుకోండి, చక్కగా సరిపోతుంది.

ఆదివారం ఏ పాఠమూ వద్దు. వారమంతా పిల్లలు అడిగిన ప్రశ్నలను చీటీల మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి ఉంచండి. వచ్చే వారానికి వాటిలోంచి చేతులతో చేసి చూడగలిగినవే ఎంచండి, పత్తి కాయలోంచి దారం ఎట్లా వస్తుందనే ప్రశ్న ఉంటే విచ్చిన కాయలు నాలుగు చాలు, గింజలు తీసి వేళ్లతో పురి పెట్టి చూడొచ్చు. పుస్తకంలోనో ఫోన్‌లోనో చూసి చెప్పాల్సినవి రాత్రి పడుకునే ముందు చెప్పండి.